చెరుకు కత్తి మీద అచ్చమ్మ పేరు

నా చేతి మీద ఒట్టు. చెక్కుడు పని చేసేవాళ్ళు చేతి మీద ఊరికే ఒట్టు వెయ్యరు. ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించింది కాదు. నవ్వాలనిపిస్తే నవ్వండి. కానీ చివరిదాకా విన్నాక నవ్వండి.

దక్షిణాఫ్రికాలో నల్లా తెల్లా తేడా లేకుండా అందరం కలిసి మొదటిసారి ఓటు వెయ్యబోతున్న ఆ ఏప్రిల్ నెల. డర్బన్‌లో మా సిడెన్‌హామ్ వీధులు బిగుసుకుపోయి ఉన్నాయి. అల్లర్లు రేగుతాయో, ఇంకేం జరుగుతుందో ఎవరికీ తెలీదు. జనం చేపల డబ్బాలు, కొవ్వొత్తులు కొని మంచాల కింద దాచుకుంటున్నారు. నేను మాత్రం పని మానలేదు. ఇంటి వెనక గ్యారేజీలో మా నాన్న వదిలిపోయిన బల్ల ఉంది. వెండి, ఇత్తడి, ఉక్కు... దేని మీదైనా పేర్లు, పువ్వులు చెక్కుతాను. ఉక్కులో వెండి తీగ పొదగడం కూడా నాన్నే నేర్పాడు. "ఆడదానికి సుత్తి ఎందుకు" అన్నవాళ్ళ ఇళ్ళల్లోనే ఇప్పుడు నా చేతి పని మెరుస్తోంది. అది వేరే కథ.

ఆ రోజుల్లోనే నరసమ్మ అవ్వ వచ్చింది. టొంగాట్ వైపు చెరుకు తోటల్లో పుట్టి పెరిగిన మనిషి. చంకలో గోనెసంచి చుట్ట. బల్ల మీద పెట్టి విప్పింది. చెరుకు కత్తి. చాలా పాతది. చేతులు పట్టీ పట్టీ పిడి నల్లగా నిగనిగలాడుతోంది.

"మా అమ్మమ్మది పిల్లా," అంది. "అచ్చమ్మ. తోటలో కూలోళ్ళ మీద పెత్తనం చేసే సర్దార్ దాని మీద చెయ్యి ఏస్తే ఈ కత్తితోనే వాడి చెయ్యి నరికింది. జైల్లో పెట్టినారు. మావోళ్ళు సిగ్గని దాని పేరే ఎత్తరు. పటం లేదు, పూజ లేదు. నేను ఓటుకి పొయ్యే ముందర దీని మీద దాని పేరు ఎండితో ఎక్కించి ఫ్రంట్ రూమ్‌లో పెడతా. తెలుగులో. చేస్తావా?"

"చేస్తా అవ్వా."

మర్నాడే ఆమె తమ్ముడి కొడుకు గోవిందు దిగాడు. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సిస్టర్, లీవ్ ఇట్. అది మంచి కత్తి కాదు. ఆ సర్దార్ పుండు కుళ్ళి సచ్చినాడంట. వాడు దాంట్లోనే ఉండాడు. ఆ పేరు ఎక్కిస్తే లేస్తాడు."

"మీ అత్తకి చెప్పుకో అన్నా. పని ఇచ్చింది ఆమె."

"మా పరువు పోతాది."

"నువ్వు చెప్పేది దయ్యం సంగతా, పరువు సంగతా?"

కారెక్కి పోయాడు. నిజం చెప్పనా... అంతవరకూ అది నాకు మామూలు పనే. వాడు వద్దన్నాక మాత్రం ఎట్లాగైనా చెయ్యాలనిపించింది.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. చీకటి పడగానే కరెంటు పోయింది. పారఫిన్ దీపం వెలిగించుకున్నాను. పేరు పడే చోట ఉక్కుని ముందే కాల్చి మెత్తబరిచాను. కత్తి కదలకుండా లక్కలో దించాను. ఉలిని నూనెరాయి మీద సానపట్టి, బొటనవేలి గోటి మీద ఆనించి చూశాను. జారితే మొద్దు, గోటిని పట్టుకుంటే పదును. పట్టుకుంది.

ఈ పని ఎట్లా ఉంటుందో కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు. అక్షరాన్ని గాడిలా తవ్వుతాం. గాడి పైన ఇరుకు, అడుగున వెడల్పు. అడుగంతా ఉలి మొనతో చిన్న చిన్న ముళ్ళు లేపుతాం. అందులో మెత్తటి వెండి తీగ పెట్టి సుత్తితో కొడితే, అది అడుగున పరుచుకుని ముళ్ళకి పట్టుకుంటుంది. ఇంక రాదు. ఉక్కుని చీల్చితే తప్ప రాదు.

'అ' అయింది. 'చ్చ' అయింది. 'మ్మ' మీదికి వచ్చాను.

టిక్... టిక్... టిక్... నా సుత్తి.

బయట... ఛక్.

ఆగాను. ఏమీ లేదు. మళ్ళీ కొట్టాను. టిక్. ఛక్. టిక్. ఛక్.

చెరుకు నరికే చప్పుడు ఒకసారి విన్నవాళ్ళు మర్చిపోరు. ముందు తడిగా ఒక దెబ్బ. వెంటనే ఎండాకుల గరగర. చిన్నప్పుడు సెలవులన్నీ తోటల్లోనే గడిపినదాన్ని, నాకు తెలీదా? కానీ సిడెన్‌హామ్‌లో చెరుకు ఎక్కడిది? ఇళ్ళు, గోడలు, తారు రోడ్డు...

ప్రతిధ్వని అనుకున్నాను. పరీక్ష పెట్టాను. రెండు గబగబా కొట్టి, ఒకటి ఆలస్యంగా కొట్టాను. బయట కూడా రెండు గబగబా... ఒకటి ఆలస్యంగా. సరే.

నేను సుత్తి కింద పెట్టాను.

...

ఛక్.

ఒకటి ఎక్కువ.

నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. తలుపు బార్లా తీశాను. "గోవిందూ! నువ్వేనా? సిగ్గు లేదా?" వీధంతా చీకటి. మనిషి లేడు. గాలి లేదు. కానీ వాసన... కాల్చిన చెరుకాకు వాసన. తియ్యగా, ముక్కు మండేట్టు. ఆ వాసన గొంతులోకి దిగుతుండగా మళ్ళీ వినిపించింది.

ఛక్.

ఈసారి బయట కాదు. నా వెనక. గదిలో.

తిరిగాను. గది ఖాళీ. దీపం కదలకుండా వెలుగుతోంది. బల్ల మీద కత్తి. దాని మీద నేను అప్పుడే కొట్టి కూర్చోబెట్టిన 'మ్మ'... దాని తోక...

తీగ కొస లేస్తోంది.

మెల్లగా. చాలా మెల్లగా. నీళ్ళలో మునిగిన వెంట్రుక పైకి తేలినట్టు. ముందు కొస. తర్వాత వంపు. ముళ్ళ నుంచి ఒక్కొక్కటే ఊడుతున్న చప్పుడు కూడా విన్నాను. పిట్... పిట్... మరీ సన్నగా. నేను రెప్ప వెయ్యలేదు. కాళ్ళు గుమ్మం వైపు లాగుతున్నాయి.

పోలేదు. ఎందుకు పోవాలి? అది మా నాన్న బల్ల. నా గది. నేను బల్ల దగ్గరికే వెళ్ళాను. మా నాయనమ్మ తిట్లన్నీ, జులూ తిట్లతో సహా, నోటికి వచ్చేశాయి.

"సుకా! లే అవతలకి, ముదనష్టపోడా! సర్దార్‌వైతే వినుకో. ఆమె పేరు ఈడనే ఉంటాది. నువ్వు పీకు, నేను కొడతా. మళ్ళీ పీకు, మళ్ళీ కొడతా. ఎవురు అలిసిపోతారో చూద్దాం!"

తర్వాత ఇంకో అనుమానం వచ్చింది. గొంతు తగ్గించాను.

"అచ్చమ్మవైతే... నీకు ఇష్టం లేకపోతే నోటితో చెప్పు తల్లీ. ఇట్టా చేస్తే నాకేం తెలుస్తాది?"

తీగ ఇంకాస్త లేచింది.

తీగ మీద బొటనవేలు పెట్టి నొక్కాను. కింద నుంచి... గుడ్డులో పిల్ల ముక్కుతో పొడిచినట్టు... నెట్టింది. నేను ఇంకా గట్టిగా నొక్కాను. వేలు తెగింది. నెత్తురు గాడిలోకి దిగింది. వదల్లేదు. రెండో చేత్తో సుత్తి అందుకుని వేలి పక్కనే కొట్టాను.

టిక్. ఛక్.

కానీ ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి కాదు. రెండూ ఒకేసారి. నేను ఎత్తినప్పుడు అదీ ఎత్తుతోంది. నేను దించినప్పుడు అదీ దించుతోంది. నాతో పోట్లాడుతోందా, నాతో కలిసి పని చేస్తోందా... నాకు అర్థం కాలేదు. నేను కొడుతూనే ఉన్నాను. తోక కూర్చుంది. సుత్తి ఆపి చెవి ఒగ్గాను. ఆ ఎక్కువ దెబ్బ కోసం.

రాలేదు.

తెల్లవారేదాకా అక్కడే కూర్చున్నాను. వెలుతురు రాగానే ఆకురాయితో అక్షరాలు చదును చేసి నూనె రాశాను. అవ్వ వచ్చి వేలితో పేరంతా తడుముకుంది. గోవిందు ఆ రాత్రి ఎక్కడున్నాడని అడిగాను.

"మా ఇంట్లోనే. నాతో తగువేసుకుంటా కూచున్నాడు," అంది. కత్తిని గోనెసంచిలో చుట్టుకుంటూ, "అది ఆ రాత్రో, ముందు రాత్రో... ఏమో పిల్లా," అంది. ఓటు వేసి వచ్చిన సాయంత్రం నాకు ఫోన్ చేసింది. లైన్లో నిలబడి కాళ్ళు వాచాయట. నవ్వుతూనే చెప్పింది.

కొన్నేళ్ళకి అవ్వ పోయింది. ఆ కత్తి పట్టుకుని గోవిందు మళ్ళీ నా గుమ్మంలోకి వచ్చాడు. "సిస్టర్, ఇప్పుడైనా ఆ పేరు తీసెయ్."

"ఐకోనా, కుదరదు," అన్నాను. "నేను తియ్యను. తియ్యగలిగినోళ్ళు ఉంటే తీయించుకో."

ఊళ్ళోనే ఇంకో చెక్కుడు పనివాడి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ పనివాడు నాకు తెలిసినవాడే. రెండు రోజులకి ఫోన్ చేశాడు. పక్క ఉక్కు చీల్చి ఆఖరి అక్షరం తోక కొంచెం లేపి చూసి, ఆపేసి, కత్తి వెనక్కి ఇచ్చేశాడట.

"లలితా, ఒకటి అడుగుతా. తీగకి పైన దెబ్బలుండాయి, సరే. కింద వైపు కూడా ఉండాయి. నిండు ఉక్కులో కింద నించి ఎట్టా కొట్టినావు?"

అవి ముళ్ళు దిగిన గుర్తులు కావచ్చు. నేను అదే అన్నాను.

"ముళ్ళేంటో నాకు తెలీదా? ఇవి సుత్తి దెబ్బలు," అన్నాడు.

"పై దెబ్బలు నావి," అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలీదు.