ఆవంలోకి పోయిన పొగ

నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిప్పు ఒకచోట, పొగ ఇంకోచోట పెట్టి ఆ సామెతకే నీళ్లొదిలిన మనిషి ఈదమ్మ. తొర్రూరు అంగడి పక్కన బండ్లవాళ్లకు అన్నం వండి అమ్మేది. సాయుధ పోరాటం ముదిరిన ఆ రోజుల్లో, వారానికి రెండుసార్లు, అడవిలో ఉన్న దళానికీ ఆమే వండేది. నలభై మందికి జొన్నరొట్టెలంటే మాటలా? పొయ్యి పొద్దంతా మండాలి. అంగడి లేనినాడు ఆ ఇంటి మీద అంత పొగ లేస్తే, ఊరి చివర దిగిన పోలీసులను పేరు పెట్టి పిలిచినట్టే.

అందుకే పక్కింటి కుమ్మరి ఐలయ్యతో మట్టిగొట్టాలు చేయించింది. మొదటివి సన్నగా వచ్చాయి. పొగ ఎదురుతన్ని ఆమె కళ్లు వాచిపోయాయి.

"గివి నీ హుక్కాకు పెట్టుకో ఐలన్నా. నాకు చెయ్యి దూరేంత వెడల్పు కావాలె" అని తిప్పి పంపింది.

రెండోసారి ఒకదాని మెడలో ఒకటి కూర్చునేటట్టు చేసి తెచ్చాడు. పొయ్యి వెనక గోడ కింద, పైకి ఎక్కేటట్టు వాలు పెట్టి పాతారు. సందులకు ఊక కలిపిన మట్టి మెత్తారు. చివరి మూతిని ఐలయ్య కుండలు కాల్చే ఆవంలోకి కలిపారు. ఆవం కాలే రోజే దళానికి వంట. కుమ్మరి పొగను ఎవరు అడుగుతారు? ముందురోజు తాడుకు ఈతమట్ట కట్టి, గొట్టంలో ఈ చివరి నుంచి ఆ చివరికి లాగి మసి తీసేది. విస్తళ్లకు మోదుగాకు తేబోతున్నట్టు, గంపలో దళానికి రొట్టెలు మోసే యాకమ్మ, "అల్లుని కన్న గొట్టానికే మర్యాదెక్కువ" అని ఎగతాళి చేసేది.

మృగశిర కార్తెలో ఐలయ్య తల్లి చనిపోయింది. పదకొండు రోజులు మైల. మైలలో ఆవం ముట్టించడం ఆ ఇంట తరతరాలుగా లేదు. ఈదమ్మకు అది తెలుసు. కానీ దళం రెండురోజులుగా పస్తులుందని కబురొచ్చింది. పోలీసులు ఎక్కడివాళ్లో, మన మైలలు వాళ్లకేం తెలుసనుకుంది. ఐలయ్యను ఒక్క మాట అడగకుండా మూడోనాడు పొయ్యి రాజేసింది. పట్టుదల మంచిదే, దానికి కళ్లుంటే.

పోలీసులకు తెలియదు, నిజమే. వాళ్ల వెంట తిరిగే పట్వారీ మాత్రం ఊరివాడే. "మైలల ఆవం పొగేందిరో!" అంటూ వాళ్లను వెంటేసుకుని వస్తున్నాడు. ఈదమ్మ గోడసందులోంచి చూసింది. నీళ్లు పోస్తే పొగ ఇంకా లేస్తుంది. పోయకపోతే, చల్లటి ఆవంలో గొట్టం మూతి వాళ్ల కళ్లబడుతుంది.

చుట్టాల నడుమ గుండుతో కూర్చున్న ఐలయ్య ఆ పొగను ఒకసారి చూశాడు. లేచాడు. తల్లి పోయినచోట పెట్టిన దీపంతో గడ్డి అంటించి, ముందే పేర్చి ఉన్న ఆవంలోకి తోశాడు. పట్వారీ వచ్చేసరికి అది భగ్గున మండుతోంది.

"నేనే ముట్టిచ్చిన దొరా. వానొస్తే పచ్చికుండలు కరుగుతయి. కడుపుకు మైలున్నదా?"

పట్వారీ థూ అని ఉమ్మి పోయాడు. ఐలయ్య కులంవాళ్లూ తువ్వాళ్లు దులుపుకుని లేచిపోయారు.

"నాది తప్పు ఐలన్నా. అడగకుండ ముట్టిచ్చిన" అని ఈదమ్మ ఏడ్చింది.

"రొట్టెలు మాడుతయి. పో చెల్లె" అన్నాడతను.

పదకొండోనాడు దినాల భోజనానికి కులంవాడు ఒక్కడూ రాలేదు. ఈదమ్మ ఆరోజు గొట్టం జోలికి పోలేదు. ఐలయ్య వాకిట్లోనే, ఊరంతా చూస్తుండగా, గాడిపొయ్యి తవ్వి పెద్ద గుండిగలు ఎక్కించింది. పట్వారీ దారిలో నిలబడి, "తినే దిక్కులేని దినాలకు గింత వంటేంది" అని నవ్వాడు. నవ్వనిచ్చింది. యాకమ్మ, మరో ముగ్గురు ఆడవాళ్లు మోదుగాకు గంపలతో మూడుసార్లు పోయి వచ్చారు.

పొద్దుగూకే వేళకు ఐలయ్య గొంతు తగ్గించి అడిగాడు. "ఎంతమంది తిన్నరు?"

"నలభై ఇద్దరు. మీ అవ్వ పేరడిగి, తల్సుకొని తిన్నరు" అంది యాకమ్మ.

"కులమంత కూడినా మా అవ్వకు గింతమంది రాకపోతుండిరి" అని ఐలయ్య మొదటిసారి బోరున ఏడ్చాడు.