మగ్గం ఎవరిదని అడిగారు

నాకు చదువు రాదు. సంతకం వస్తుంది, అదీ మా వీధి మలుపులాగా వంకరగా. అందుకని నేను చెబుతుంటే మా మరిది రాస్తున్నాడు. పట్టాళంలో గుమాస్తా పని చేసి హవల్దారుగా ఇంటికి వచ్చిన మనిషి. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని నలుగురూ అంటారు. ఉంటే ఉండనీ. ఆయన గురించి నేను అనబోయే మాటలు కూడా ఆ ముత్యాలతోనే రాయాలని ముందే ఒట్టు వేయించుకున్నాను.

మాది మైదుకూరు పక్కన మగ్గాల వీధి. మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయాడని మీకు చెబుతున్నాను గానీ మా వీధిలో చాలా రోజుల దాకా ఆయన పోలేదు. అదెట్లాగో చెబుతాను.

మాకు నూలిచ్చి, చీరలు నేయించుకుని, కూలి ఇచ్చే షావుకారు ఒకాయన ఉన్నాడు. పడుగులు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల చుట్టలు, తయారయ్యాయని కబురొస్తే నేసేవాళ్ళమంతా ఆయన అరుగు దగ్గరికి పోతాం. ఒక్కొక్క పడుగుకూ ఆయన పసుపు కుంకుమ పెట్టి, మగ్గం ఎవరిదో వాళ్ళ పేరు గట్టిగా పిలుస్తాడు. పిలిచినవాళ్ళు "ఉండా" అని చెయ్యి చాపాలి. మగ్గానికి ఎప్పుడూ మగవాడి పేరే. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి పొద్దంతా నేసేది ఆడదైనా పేరు మాత్రం మీసాలకే. ఆయన పోతే ఆ పేరు కొడుకుకు పోవాలి, కొడుకు లేకపోతే తమ్ముడికి పోవాలి. నాకు కొడుకు లేడు. తమ్ముడంటే ఇదిగో, ఈ రాస్తున్న పెద్దమనిషి. ఆయన అప్పుడు ఎక్కడో మంచు కొండల్లో కూర్చుని దేశం కోసం కాగితాలు కుట్టుకుంటున్నాడు. అందుకని పేరు మార్చకుండా వదిలేశారు. షావుకారు నా మొగుడి పేరు పిలవడం, నేను "ఉండా" అనడం. మొగుడి పేరు నోటితో పలకకూడదని నన్ను పెంచారు. ఆ పేరుకు బదులు పలకడానికి మాత్రం ఏ శాస్త్రమూ అడ్డం రాలేదు.

ఇంకో విడ్డూరం వినండి. తెల్లారి వీధిలో నేను ఎదురైతే పనికి పోయేవాళ్ళు ఒక్క నిమిషం ఆగి, ఉమ్మేసి, మళ్ళీ బయలుదేరుతారు. మొగుడు పోయినదాని ఎదురు మంచిది కాదట. అదే నేను పసుపు పెట్టిన పడుగు భుజాన వేసుకుని వస్తుంటే ఒక్కరూ ఆగరు. ఆ పడుగు మీద నా మొగుడు బతికే ఉన్నాడు కాబట్టి ఆ కాసేపు నేను ముత్తైదువనే. అరుగు నుంచి ఇంటి గుమ్మం దాకా నా కాపురం.

నాకు ఒక్కతే కూతురు. అది చిన్నపిల్లగా ఉన్నప్పుడు మా మరిది సెలవుల్లో యూనిఫాం వేసుకుని వీధిలోకి వచ్చేవాడు. ఎండలో ఆ బూట్ల చప్పుడు వింటే అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్ళు కూడా లేచి నిలబడేవాళ్ళు. ఒకరోజు అది ఆయన్ను అడిగింది.

"చిన్నాయనా, ఈడ నీకు అందరూ లేసి నిలబడతాండారు గదా. ఆడ పట్టాళంలో నీకెవురు నిలబడతారు?"

"ఆడ నేనే అందరికీ నిలబడతాండా పాపా."

"అందరూ అంటే?"

"ఆఫీసర్లు."

"అట్లయితే నేను ఆఫీసరయితా."

అందరం నవ్వాం. నవ్వకుండా ఉండాల్సింది. మా పిల్లకు ఒక మాట తలకెక్కితే దిగదు. దానికి తండ్రి పోలిక.

కడపకు బస్సులో పోయి వచ్చి డిగ్రీ పూర్తి చేసింది. ఆ తర్వాత తండ్రి పోవడంతో నాతో వంతులు వేసుకుని అదే మగ్గం గుంతలో కూర్చుంది. నా వంతులో నేను జానెడు నేస్తే తన వంతులో అది మూరెడు నేసేది. చేతులు నేస్తుంటే నోరు ఇంగ్లీషు పాఠాలు వల్లించేది. మా మరిది పింఛను తెచ్చుకుని ఇంటికి చేరాక, ఇక ఆయన్ను వదిలిపెట్టలేదు. ఆఫీసరు కావడానికి దారి చెప్పమని రోజూ గొడవ. ఆయన టీ గ్లాసు పట్టుకుని, మా అందరికీ సైన్యాధిపతి లాగా కూర్చుని, దారులు చెప్పాడు.

"శానా దావలుండాయి వదినా. ఇంటర్ కాంగానే రాసే పరీక్ష ఒకటి."

"దానికి ఇంటరయి శానా కాలమాయ."

"డిగ్రీ అయినాక రాసేది ఇంగొకటి. దానిగ్గూడా పాపకు వయసు దాటిపాయ."

"ఇంగ?"

"సిపాయిగా చేరి, కిందినుంచి ఒగో మెట్టే ఎక్కే దావ."

"అది నువ్వు పోయిన దావ గదా. యాడిదాంకా పోయినాది?"

ఆయన టీ తాగాడు. ఖాళీ గ్లాసులో కూడా ఇంకోసారి తాగాడు.

చివరికి మిగిలింది రిజర్వు పట్టాళం. అందులో చేరినవాళ్ళు మామూలు రోజుల్లో ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. ఏడాదికి కొన్ని వారాలు యూనిఫాం వేసుకుని శిక్షణకు పోతారు. దేశానికి అవసరం వచ్చి పిలిస్తే పనంతా వదిలి పోవాలి. పండక్కి పిలిచే అల్లుడి మాదిరి అన్నమాట, కాకపోతే ఈ అల్లుడికి తుపాకి ఇస్తారు. నలభై నిండినవాళ్ళనూ తీసుకుంటారట. డిగ్రీ కావాలి, ఒళ్ళు గట్టిగా ఉండాలి. అన్నింటికన్నా ముఖ్యం, సొంతంగా ఒక పని చేసి బతుకుతూ ఉండాలి. పని లేనివాళ్ళను తీసుకోరు. కడుపు నిండినవాడికే అన్నం పెట్టే సత్రం నేను మొదటిసారి విన్నాను.

"మనకు పని ఉండాది గదా" అంది నా కూతురు. నిజమే. మాకు పనికేం కొరత.

మొదట రాత పరీక్ష, తర్వాత ఇంటర్వ్యూ. అది గట్టెక్కితే పెద్ద బోర్డు ముందు కొన్ని రోజులు ఉండి పరుగులు, మాటలు, గోడలు ఎక్కడాలు. ఆ తర్వాత డాక్టర్లు, ఆ తర్వాత పోలీసుల విచారణ. మా వీధిలో పెళ్ళికొడుకును ఇందులో పదో వంతు చూసి ఇచ్చి ఉంటే ఎంతమంది ఆడపిల్లలు సుఖపడేవాళ్ళో.

పొద్దున్నే కేసీ కాలువ గట్టు మీద పరుగెత్తేది. గడ్డి కోయడానికి వచ్చిన ఒక ముసలామె ఆపి అడిగిందట.

"ఏం మే, కుక్క ఎంటబడిందా?"

"ల్యా జేజీ, పట్టాళం ఎంటబడినాది."

"అయితే ఇంగా జోరుగా పరుగెత్తు."

రాత పరీక్ష గట్టెక్కింది. ఇంటర్వ్యూకి రైలెక్కి దూరం పోయింది. తిరిగొచ్చిన రోజు చెప్పులు గుమ్మంలో విడిచి, నేరుగా పోయి గుంతలో కూర్చుంది. నేయడం లేదు, ఊరికే కూర్చుంది. నేనూ పోయి పక్కన కూర్చున్నాను.

"ఏమన్నారు?"

"ఏం పని చేస్తాండావని అడిగినారు. చీరలు నేస్తాండా అంటి. మగ్గం ఎవురిదన్నారు."

"ఏమంటివి?"

"మా నాయనది అంటి."

"బాగానే చెప్తివి గదా."

"మీ నాయన ఏం చేస్తాండాడని అడిగినారు. సచ్చిపోయినాడంటి."

మగ్గం మీది చీర వైపు చూస్తూ మిగిలింది చెప్పింది. ముగ్గురు ఆఫీసర్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. చనిపోయిన మనిషి మగ్గం నేస్తుంటే నువ్వు ఏం చేస్తున్నావమ్మా అని మర్యాదగానే అడిగారట. నీ సొంత సంపాదన అని చూపించమన్నారట. కూలి వచ్చేది తండ్రి పేరు మీద, పడుగు వచ్చేది తండ్రి పేరు మీద. ఏం చూపిస్తుంది? వెనక్కి పంపేశారు.

మా పిల్ల తెలివితక్కువది కాదు. మా వీధిలో ఏ పిల్లను నిద్రలేపి అడిగినా మగ్గం మా నాయనదనే అంటుంది. మాకు అది ఊపిరి మాదిరి. బయటివాళ్ళ చెవికే అది పిచ్చిమాట.

"ఇంగోసారి రాయనిస్తారమ్మా" అంది. "అయితే ఈసారి మగ్గం నాదని చెప్పాల. నాది కాకుండా నాదని చెప్పలేను."

అబద్ధమాడడం రాకుండా పెంచిన పాపం నాదే. మరుసటి రోజు షావుకారు దగ్గరికి పోయాను.

"పడుగుకు పాప పేరు పిలువన్నా ఇంగమీద."

"ఆడపిల్ల పేరా?"

"ఆడపిల్ల పేరు పిలిస్తే నూలు తెగుతాదా?"

"తెగదులేమ్మా. రేపు నీ మరిది వచ్చి, మా అన్న మగ్గం ఎవురికిస్తివిరా అంటే నేనేం జెప్పాల? ఆయప్పను పిల్చుకరా. నలుగురి ముందర సరే అనమను. నాకేం పోయేది ల్యా."

సరే, ఇక్కడ రాస్తున్న మనిషి వంతు వచ్చింది. కలం నెమ్మదించింది, చూస్తూనే ఉన్నాను.

నేను పోయి అడిగితే మా మరిది మీసం దువ్వుకుని పెద్ద ధర్మసందేహం లేవదీశాడు. ఆడపిల్ల పేరు మీద మగ్గం పెడితే రేపు పెళ్ళయ్యాక మగ్గం అత్తగారింటికి పోతుందట. గుంత తవ్వి పాతిన మగ్గం. దాన్ని పెకలించి నెత్తిన పెట్టుకుని పోతుంది కాబోలు నా కూతురు.

"అది కాదులే మరిదీ. అసలు సంగతి చెప్పు. అది ఆఫీసరయితే నువ్వు సెల్యూటు కొట్టాల్సొస్తాదని గదా నీ బాధ?"

"రిటైరయినోడు కొట్టాల్సిన పన్లేదు వదినా."

"మల్ల ఏం బాధ?"

ఆయన మీసం వదిలేసి చేతుల వైపు చూసుకున్నాడు. టీ గ్లాసు కూడా లేదు పాపం, పట్టుకోవడానికి.

"కొట్టాలనిపిస్తాదేమోనని" అన్నాడు. "ఎత్తుకోని తిప్పిన బిడ్డకు."

ఈ మాట రాయనన్నాడు. ఒట్టు గుర్తు చేశాను. రాశాడు.

పడుగులు ఇచ్చే రోజు ముగ్గురం పోయాం. అరుగు నిండా మనుషులు. మా మరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని, నిటారుగా నిలబడి, మా అన్న మగ్గం ఇకమీదట మా పాపదని, నాకు ఏ అభ్యంతరమూ లేదని చెప్పాడు. అంత గట్టిగా చెప్పాల్సిన పని లేదు, బస్టాండు దాకా వినపడింది. షావుకారు తలూపాడు, పడుగు తీశాడు, పసుపు పెట్టాడు, కుంకుమ పెట్టాడు. పెట్టి, అలవాటు కొద్దీ నా మొగుడి పేరే పిలిచాడు.

నా నోరు తెరుచుకుంది. గట్టిగా మూసుకున్నాను.

ఆయన మళ్ళీ పిలిచాడు. అందరూ నన్ను చూశారు. నా కూతురు కూడా చూసింది.

"ఆయన ల్యాడన్నా" అన్నాను.

లేడని ఊరందరికీ తెలుసు. పదో రోజు వచ్చి తిని పోయినవాళ్ళే అంతా. అయినా ఆ అరుగు మీద ఆ మాట నేను అనడం అదే మొదలు. గొంతు ఉప్పు డబ్బాలో గరిటె గీరుకున్నట్టు వచ్చింది.

షావుకారు తల వంచుకుని పసుపు చేతిని పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత నా కూతురి పేరు పిలిచాడు. కొత్త చెప్పు వేసుకున్నవాడి నడకలాగా ఉంది ఆ పిలుపు.

"ఉండా సార్" అని అది కాళ్ళు దగ్గరికి చేర్చి అరిచింది.

అరుగంతా ఒకటే నవ్వు. ఎవరో వెనక నుంచి "పడుగిస్తాండాడు మే, తుపాకి కాదు" అన్నారు. ఆ రోజు నేను వట్టి చేతులతో, పడుగు మోసుకుపోతున్న కూతురి వెనక ఇంటికి నడిచాను. ఎదురుగా వచ్చిన ఒకాయన నన్ను చూసి ఆగి, ఉమ్మేసి, మళ్ళీ బయలుదేరాడు. మంచిది. ఆయనకు కూడా కబురు చేరిపోయింది.

కూలి దాని పేరు మీద రావడం మొదలైంది. మళ్ళీ పరీక్ష రాసింది, మళ్ళీ రైలెక్కింది. ఈసారి మగ్గం ఎవరిదంటే నాదని చెప్పిందట. శిక్షణకు వస్తే మగ్గం సంగతేమిటని ఒక ఆఫీసరు అడిగితే, మా అమ్మ నేస్తుంది సార్ అందట. నన్ను అడగకుండానే నాకు ఉద్యోగం వేయించి వచ్చింది. పెద్ద బోర్డు, డాక్టర్లు, పోలీసులు, అన్నీ గట్టెక్కింది. విచారణకు వచ్చిన కానిస్టేబులు ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా అని అడిగాడు. ఉండేవాడప్పా, ఈమధ్యనే తీసేశాం అన్నాను. అతనికి అర్థం కాలేదు.

భుజం మీద రెండు నక్షత్రాలు పెట్టారు. మొదటి శిక్షణకు పోయే రోజు మైదుకూరు బస్టాండుకు పోయాం. అది యూనిఫాంలోనే బస్సెక్కింది. ఎక్కే ముందు వంగి చిన్నాయన కాళ్ళకు మొక్కింది. బస్సు కదిలేటప్పుడు మా మరిది చెయ్యి నుదుటి దాకా లేచింది. ఎండ కళ్ళలో పడితే అడ్డం పెట్టుకున్నానంటాడు. ఆ రోజు పొద్దుటి నుంచీ మబ్బు పట్టి ఉంది. ఇది కూడా రాయి మరిదీ.

నిన్న మళ్ళీ పడుగులు ఇచ్చారు. షావుకారు ఇప్పుడు తడబడకుండా నా కూతురి పేరు పిలుస్తున్నాడు. నేను ముందుకు పోయి చెయ్యి చాపాను.

"ఏమ్మా, పాప యాడ?"

"పట్టాళానికి పోయినాదన్నా" అన్నాను. "వస్తాది."

ఆయన పడుగు నా భుజం మీద వేశాడు. బరువుగా ఉంది. పాత నడుము కదా.