కడిగిన గొర్రెపిల్ల

పాసైపోయాను! బీఎస్సీ, ఫస్ట్ క్లాసు! మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేనే. ఎగిరి గంతేయాలనే ఉంది గానీ, ఇన్నేళ్లూ బలసముద్రం నుంచి పావగడకు బస్సులో నిలబడి తిరిగిన కాళ్లు ఒప్పుకోవడం లేదు. ఫోను పట్టుకుని గడపలోనే కూలబడ్డాను. అన్నిటికంటే జంతుశాస్త్రంలో ఎక్కువ మార్కులు వచ్చాయి. అది చూడగానే మా అవ్వ గుర్తొచ్చింది.

నేను బడికి పోయే రోజులకే మా చుట్టుపక్కల చేలన్నీ సోలార్ ప్లేట్ల కిందికి పోయాయి. అవ్వ దగ్గర కొన్ని గొర్రెలే మిగిలాయి. ఎండాకాలంలో ఎక్కడా పచ్చగడ్డి లేదు, ప్లేట్లు కడిగిన నీళ్లు కారే చోట తప్ప. ఆ కడిగే పని మా చిన్నాయనది. పైవాళ్లు లేనప్పుడు అవ్వను, గొర్రెలను లోపలికి వదిలేవాడు. ఒక ఆదివారం నేనూ వెంట వెళ్లాను, చంకలో సైన్సు పుస్తకంతో. మర్నాడు పరీక్ష: జీవుల లక్షణాలు, అవసరాలు.

అవ్వ తప్పిపోయిన గొర్రెను వెతకడానికి వెళ్లింది. ఇంతలో ఇంకో గొర్రె ప్లేటు నీడలో ఈనింది. జిగటజిగటగా పడి ఉన్న పిల్లను చూసి చిన్నాయనకు జాలేసింది. పైపు పెట్టి శుభ్రంగా కడిగి, ప్లేట్లు తుడిచే గుడ్డతోనే తుడిచాడు. పిల్ల తళతళలాడింది. తల్లిగొర్రె వచ్చి వాసన చూసి, తలతో ఒక్క పోటు పొడిచి అవతలికి పోయింది.

అవ్వ వస్తూనే నెత్తి కొట్టుకుంది. "ఏం పని చేసినావురా! అది పిల్లరా, ప్లేటు కాదు!"

"మురికిగా ఉండాదని కడిగినానమ్మా."

"నువ్వు పుట్టినప్పుడు ఎట్లుంటివో చూసింటే తెలిసేది! వాసన పోయినాక తల్లి యాడ రానిస్తాదిరా? పొద్దు గూకేలోపల పాలు తాగకుంటే అది బతకదు."

నేను పుస్తకం తిరగేశాను. పొదుగులో పాలున్నాయి, పైపులో నీళ్లున్నాయి, గాలి, నీడ ఉన్నాయి. అయినా పిల్ల వణుకుతోంది.

"అవ్వా, అన్నీ ఉండాయి కదా, ఎందుకు చస్తాది?"

"పుస్తకం ఆడ పెట్టి, ఆ మావి ఎత్తుకురా పాపా."

పిల్లతోపాటు బయటపడి గడ్డిలో ఉన్న మావిని తెచ్చిస్తే, అవ్వ దాన్ని పిల్ల ఒళ్లంతా పూసింది. తల్లిగొర్రెను మోకాళ్ల మధ్య అదిమి పట్టుకుంది. అది తన్నింది, పొడిచింది, గింజుకుంది. వదిలితే పారిపోయేది, చిన్నాయన ఉరికి పట్టుకొచ్చేవాడు. ఎండకు ముగ్గురమూ వాడిపోయాం. ప్లేట్ల నీడలు సాగిపోయిన వేళకు, గొర్రెకు విసుగు పుట్టిందో ఏమో, పిల్ల వీపును ఒకసారి నాకింది. మళ్లీ నాకింది. పిల్ల తడబడుతూ పొదుగు కిందికి దూరింది. దాని తోక ఊగడం మొదలయ్యాక గానీ అవ్వ చేతులు వదల్లేదు. అక్కడే మట్టిలో వెల్లకిలా పడుకుని, "ఇంక నా చేత కాదప్పా," అంది.

మర్నాడు పరీక్షలో పుస్తకంలో ఉన్నవే రాశాను. మార్కులు పడ్డాయి. మోకాళ్లు సహకరించక తర్వాత అవ్వ గొర్రెలను అమ్మేసింది. కాలం కూడా మా చిన్నాయన లాంటిదే, చెడ్డ ఉద్దేశమేమీ లేకుండానే మనుషుల మీది వాసనలన్నీ కడిగేస్తూ పోతుంది.

వెంకటమ్మనహళ్లి అత్తకు చెప్పాలి. నోట్సులిచ్చిన స్నేహితురాలికి చెప్పాలి. చిన్నాయన ఇంకా డ్యూటీలో ఉంటాడు, సాయంత్రం ఫోన్ చేయాలి. అవ్వ ఆయన దగ్గరే ఉంటోంది, ఫోన్లో వినబడదు. నేను పాసయ్యానని ఆమె చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అరవమని చిన్నాయనకు చెప్పాలి.