వోల్టేజీ తిరిగొచ్చాక

కళింగపట్నంలో మా మేనమామకు ఐసు ఫ్యాక్టరీ ఉంది. దాని కప్పు మీద సోలార్ పలకలు పెట్టించమన్నది నేనే. ఆ కరెంటును లైనుకు కలిపే ఇన్వర్టర్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుని. అందుకే ఫిర్యాదు కూడా నేరుగా నాకే వచ్చింది.

"లైట్లు రెప్పేసినట్టు ఆరి ఎలుగుతన్నాయే. నీ పెట్టి మాత్రం ఆగిపోతంది. ఏటి దాని రోగం?" అని ఫోనులో అడిగాడు మావ.

సముద్రపు గాలికి స్తంభాల మీద తీగలు మోసే పింగాణీలకు ఉప్పు పడుతుందని, చిరుజల్లు పడితే ఆ తడి ఉప్పు మీదుగా కరెంటు జారి వోల్టేజీ ఒక్క క్షణం పడిపోతుందని, అప్పుడు ఇన్వర్టర్ తనను కాపాడుకోవడానికి ఆగుతుందని చెప్పాను.

"మిగతా మిషన్లన్నీ ఓర్సుకున్నాయి కదే. దీనికేటి?"

మావ అడిగింది సబబే. అలాంటి కుదుపును ఓర్చుకునేలాగే దాన్ని తయారుచేశాం మరి.

సెలవు పెట్టి వెళ్లి, ఇన్వర్టర్‌కు వోల్టేజీని గీతలుగా చూపే రికార్డర్ తగిలించి జల్లు కోసం ఎదురుచూశాను. మధ్యాహ్నం తుంపర పడింది, లైట్లు రెప్ప వేశాయి, ఇన్వర్టర్ ఆగింది. తెర మీద గీతలు చూసి ఆశ్చర్యపోయాను. వోల్టేజీ పడినప్పుడు ఇన్వర్టర్ నిలబడే ఉంది. వోల్టేజీ తిరిగొచ్చాకే తడబడి ఆగింది.

ఇన్వర్టర్ లైనులోని వోల్టేజీ అలల్ని గమనిస్తూ, వాటి లయలోనే తన కరెంటు పంపుతుంది. కానీ ఆ ఫ్యాక్టరీ పొడవాటి లైనుకు చిట్టచివర, లైను బలహీనంగా ఉండే చోట ఉంది. అక్కడ ఇన్వర్టర్ పంపే కరెంటే వోల్టేజీని కదిలిస్తుంది. వోల్టేజీ తిరిగిరాగానే ఒక్కసారిగా కరెంటు పంపి, తాను రేపిన కదలికనే లైను కదలిక అనుకుని దాని వెంట పరుగెత్తుతోంది.

వెనకబడి తడబడుతోందేమోనని, ముందు అల వెంట ఇంకా వేగంగా వెళ్లేలా సెట్టింగులు మార్చాను. మర్నాటి జల్లుకు ఇంకా ముందే ఆగింది. అప్పుడు ఉల్టాగా ఆలోచించి, నిదానంగా అనుసరించేలా, వోల్టేజీ వచ్చాక కరెంటును మెల్లగా పెంచేలా సరిచేశాను. తర్వాతి జల్లుకు గీతలు ఒకసారి ఊగి సర్దుకున్నాయి. ఇన్వర్టర్ ఆగలేదు.

నా వివరణంతా విని, మావ నా పక్కన నిలబడి తెర వంక చూస్తూ అడిగాడు. "బాగుంది గానీ, ఊరందరూ ఇలాటి పెట్టిలే పెట్టీసినారనుకో. అన్నీ ఒకదాన్నొకటి సూసి ఊగితే అప్పుడేటవుతాది?"

"తెలీదు మావా" అన్నాను. ఇప్పుడు ఆఫీసులో నేను చేస్తున్న పని అది తేల్చడమే.