బయలు వెంట పోయిన అమ్మగారు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ నోటికి మైకు తగిలిస్తే ఊరి గతేమిటో పెద్దలెవరూ చెప్పలేదు. దాన్ని కనిపెట్టినవాణ్ణి నేనే. ఒక ఆదివారం ఉదయం, పాపమెరగని ఒక ఇల్లాలిని లేచిపోయేలా చేశాను. ఆమె భర్తను నలుగురిలో దిక్కులేనివాణ్ణి చేశాను. దిద్దుకోబోయి చివరికి దేవుడి సంసారంలో కూడా వేలు పెట్టాను. ఇదంతా మంచి హిందీలో చేశాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ముంబై కామాఠిపురాలో, గదికొక కాపురముండే పాత మేడలో, అంటే మా తాత ఉన్న చాల్‌లోనే మేమూ ఉండేవాళ్లం. నాగ్‌పాడాలో ఫోన్లు అమ్మే దుకాణంలో నాకు పని. పొద్దస్తమానం హిందీ, మరాఠీ మాట్లాడి మాట్లాడి, లోకంలో నాకు రాని భాష లేదనే భ్రమ పట్టుకుంది. నా తెలుగు సంగతి మాత్రం అడక్కండి. అదంతా అమ్మ తిట్లలోంచి ఏరుకున్నది. నీళ్లు పట్టు, తలుపెయ్యి, ఎక్కడ సచ్చినవ్ - వీటి పొలిమేర దాటితే నాకు చూపు ఆనేది కాదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట్లో తెలుగు గెలవకుండానే రచ్చకెక్కాను.

మా చాల్ కింది అంతస్తులో ఒక గదిని ఆదివారం ప్రార్థనకు వాడేవారు. మా ఇంట్లో పోచమ్మకు మొక్కుతాం. కానీ అమ్మకు ఒకసారి జబ్బు చేసి, ఆ ప్రార్థనకు వెళ్లాక నెమ్మదించింది. అప్పటినుంచి ఆదివారాలు అక్కడికీ వెళ్లేది. ఇద్దరు డాక్టర్లకు చూపించుకుంటే తప్పేముందని ఆమె లెక్క.

అక్కడి పాస్టరుగారిని అందరూ అయ్యగారనేవారు, ఆయన భార్యను అమ్మగారనేవారు. గుంటూరు వైపునుంచి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. అయ్యగారికి హిందీలో 'కిత్‌నా' ఒక్కటే వచ్చు, ఎంత అని అడగడానికి, అది కూడా కూరగాయల దగ్గరే. ఆ రోజుల్లో అమ్మగారు తల్లికి ఒంట్లో బాగాలేదని ఊరెళ్లి నెల కావస్తోంది. అయ్యగారు తన వంట తానే తిని సగమయ్యారు. ఆయన చొక్కాలో ఇంకొకరు కూడా పడతారని చాల్ ఆడవాళ్లు చెప్పుకునేవారు.

ప్రార్థన గది చిన్నది. తెలుగు తెలిసిన పెద్దవాళ్లు లోపల చాపల మీద కూర్చునేవారు. తెలుగు ఒంటబట్టని మా ఈడు పిల్లలు, ఇరుగుపొరుగు మరాఠీవాళ్లు బయట సందులో కుర్చీల్లో కూర్చునేవారు. అయ్యగారు లోపల తెలుగులో చెబుతుంటే, గడప దగ్గర ఒకరు నిలబడి, సందువైపు తిరిగి మైకులో హిందీలో చెప్పాలి. స్పీకరు సందులోనే ఉండడంతో, లోపలివాళ్లకు అయ్యగారి గొంతే తప్ప ఆ హిందీ అందేది కాదు. ఎప్పుడూ ఆ పని చేసే నర్సు అక్కకు ఆ ఆదివారం డ్యూటీ పడింది. సంఘానికి పెద్దదిక్కు రత్నమ్మ పెద్దమ్మ శనివారం మా ఇంటికొచ్చింది.

"శీనూ, నీకు హిందీ మస్తు వస్తది గదరా. రేపు అయ్యగారు చెప్పేది జర హిందీల చెప్పు."

"గదేం పెద్ద పని పెద్దమ్మా. చెప్త."

"అయ్యగారి తెలుగు సమజైతదా? జర గట్టిగుంటది."

"తెలుగే గదా పెద్దమ్మా. మనదే."

అమ్మ స్టవ్ దగ్గరనుంచే తల తిప్పింది. "మొన్న నెమలి అంటే ఏందని అడిగిండక్కా వీడు."

పెద్దమ్మ వినిపించుకోలేదు. ఆపద వచ్చేటప్పుడు పెద్దవాళ్ల చెవులు కూడా దానికి దారిస్తాయి.

సాయంత్రం మెట్ల దగ్గర అయ్యగారు ఎదురయ్యారు. "బాబూ, రేపటి వాక్యం ఒకసారి ఇద్దరం అనుకుందామా? హోషేయ ప్రవక్త గురించి చెబుతున్నాను. కొంచెం లోతైన సంగతి."

"వద్దు అయ్యగారూ. డైరెక్టుగ చేస్త. అట్లయితేనే ఫ్రెష్‌గ ఉంటది."

ఆయన సందేహంగానే తలూపి వెళ్లిపోయారు. హోషేయ అంటే ఏమిటో నాకు తెలియదు. ప్రవక్త మాత్రం తెలుసనుకున్నాను. టీవీ హిందీ వార్తల్లో పార్టీల ప్రవక్తలు వచ్చి పోట్లాడుకుంటారు కదా. పార్టీ తరఫున మాట్లాడేవాడు పార్టీ ప్రవక్త. సంఘం తరఫున మాట్లాడేది అయ్యగారు. కాబట్టి ప్రవక్త అంటే అయ్యగారే. ఇంత తెలివితో మనిషి బతికి ఉండడమే దేవుడి దయ.

ఆదివారం వచ్చింది. గడప దగ్గర మైకు పట్టుకున్నాను. సందు నిండా జనం. ముందు వరసలో మా పక్కింటి మరాఠీ ఆవిడ శకుంతలా తాయి కూర్చుంది. ఆమెకు తెలిసిన సంగతి మధ్యాహ్నానికల్లా ఫాక్‌లాండ్ రోడ్డు చివరిదాకా తెలుస్తుంది. ఆమె వెనక, లోపల చోటు చాలక వచ్చిన కిష్టన్న. పాలమూరునుంచి వచ్చి బిల్డింగు పనులకు పోయే మనిషి. భార్యతో మాటామాటా అనుకుని, ఆమె పుట్టింటికి పోతే, తానుగా పిలవనని పంతం పట్టి కూర్చున్నాడు.

లోపల అయ్యగారు కళ్లు మూసుకుని గొంతెత్తారు. "ప్రవక్త విలపించుచున్నాడు. నేను ఆమెను ప్రేమించితిని. ఆమె నన్ను విడిచి బయలును వెంబడించెను."

విలపించడమేమిటో తెలియక వదిలేశాను. మిగతాది చక్కగా హిందీలో అన్నాను. "అయ్యగారు చెబుతున్నారు. నేను ఆమెను ప్రేమించాను. ఆమె నన్ను వదిలేసి బయటికి వెళ్లిపోయింది."

సందులో గుసగుసలు ఆగిపోయాయి. ఒక కుర్రాడు చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీశాడు.

"నేనిచ్చిన వెండి బంగారములను ఆమె బయలునకు అర్పించెను," అన్నారు అయ్యగారు.

"నేను పెట్టిన బంగారం కూడా బయటికి పట్టుకుపోయింది," అన్నాను నేను.

శకుంతలా తాయి గుండె మీద చెయ్యి వేసుకుంది. "బంగారం కూడానా?" అంది హిందీలో, పక్కావిడతో. అందుకే అయ్యగారు అలా చిక్కిపోయారని పక్కావిడ జవాబిచ్చింది.

మీకు అనుమానం రాలేదా అని అడుగుతారు. వచ్చింది. భార్య వెళ్లిపోయిన దుఃఖంలో అయ్యగారికి మతి చలించిందని, ఇంటిగుట్టు నా నోటితో సందులో పెడుతున్నారని భయం పట్టుకుంది. ఆపితే ఆయనకు అవమానం, ఆపకపోతే ఆవిడకు. సాయం కోసం లోపల అమ్మవైపు చూశాను. అమ్మ గోడకానుకుని కునుకు తీస్తోంది.

ఇంతలో అయ్యగారు ఒక మాట అన్నారు. ఆత్మీయ వ్యభిచారం. రెండో ముక్క నాకు తెలుసు. మా వీధుల పేరు చెబితే, ఒళ్లమ్ముకునే చోటని బయటివాళ్లు ఎలా నవ్వుతారో చిన్నప్పటినుంచి చూసినవాణ్ణి. ఆ మాట మైకులో, ఆ సందులో అనలేకపోయాను. మింగేశాను. నన్ను కాపాడగలిగిన మాట అదొక్కటే, దాన్నే మింగాను. ముందున్న 'ఆత్మీయ' ఏమిటని ఒక్క క్షణం ఆలోచించినా, అది ఆత్మ సంగతని, దేవుణ్ణి విడవడమని తెలిసి గట్టెక్కేవాణ్ణి.

"ముండ్లకంచె వేసి ఆమె త్రోవను మూయుదును," అన్నారు అయ్యగారు.

"ముళ్లకంచె వేసి దారి మూసేస్తాను," అన్నాను.

"ఏ దారి?" అని వెనకనుంచి ఒకాయన అడిగాడు. "నీళ్ల ట్యాంకర్ ఈ సందులోంచే రావాలి. ముందే చెప్పమను."

తరువాత హెచ్చరికలు మొదలయ్యాయి. కరువు, ఖడ్గం, చెర. వాటిలో నాకు కరువొక్కటే తెలుసు. మిగిలిన రెండింటికి, పోలీసు కేసు పెడతానంటున్నారని చెప్పాను. జనం ముందుకు జరిగారు. ఎప్పుడూ సగం మంది ఫోన్లు చూసుకునే చోట ఇంత నిశ్శబ్దం చూసి, లోపల అయ్యగారు తన మాటల బలానికి తానే పొంగిపోయారు. కళ్ల నీళ్లతో గొంతు తగ్గించారు.

"అయినను నేను ఆమెను విడువను. ఆమెను పిలిచి ప్రేమగా మాటలాడుదును. ఆమె తిరిగి వచ్చును."

ఇది మాత్రం అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. శకుంతలా తాయి కొంగుతో కళ్లొత్తుకుంది. కిష్టన్న తల వంచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే సందు మొదట్లో టాక్సీ ఆగింది. అమ్మగారు దిగారు. చెప్పకుండా ఒకరోజు ముందు వచ్చి ఆయన్ని సంతోషపెడదామని దాదర్‌లో రైలు దిగి నేరుగా వచ్చారట. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో పచ్చడి డబ్బా.

జనం లేచి దారి ఇచ్చారు. శకుంతలా తాయి ఎదురెళ్లి ఆవిడ చేతులు పట్టుకుంది. వచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ కూడదీసుకుని, "అమ్మగారూ, ధైర్యం. మేమున్నాం," అంది.

ఆవిడ స్థానంలో ఉండి చూడండి. నెల తరువాత ఇంటికొస్తే సందు నిండా జనం, అందరి కళ్లల్లో నీళ్లు, ఎవరూ పెదవి విప్పరు. లోపల భర్త గొంతు వినబడడం లేదు, ఎందుకంటే ఆయన మౌనంగా ప్రార్థిస్తున్నారు. ఆవిడ చేతిలోంచి డబ్బా జారిపోయింది. "ఆయనకేమైంది?" అన్నారు. "అయ్యో, నేను లేకుండా పోయానే," అంటూ లోపలికి పరుగెత్తారు.

బయటివాళ్లకు ఈ ఆఖరి మాటలో 'పోయానే' ఒక్కటే అందింది, అది పశ్చాత్తాపంలా వినబడింది. చప్పట్లు కొట్టారు.

లోపల అయ్యగారు కళ్లు తెరిచేసరికి భార్య ఆయన మొహం, భుజాలు తడిమి చూస్తోంది. "బతికే ఉన్నారా?" అని అడిగింది. "ఉన్నానే. ఎందుకలా అడుగుతున్నావు?" అన్నారాయన. బయట చప్పట్లు ఆగలేదు. రత్నమ్మ పెద్దమ్మ లేచి గడప దగ్గరికొచ్చింది.

"ఏం చెప్పినవురా?"

"అయ్యగారు చెప్పిందే చెప్పిన పెద్దమ్మా. అమ్మగారు బయటికి పోయిందని."

"బయటికి ఎవరు పోయిండ్రురా?"

"బయలు అన్నడు గదా. బయలు అంటే బయట."

పెద్దమ్మ గడప మీదే కూలబడింది. "బయలు అంటే దేవుడురా. ఆ కాలంల జనాలు పెట్టుకున్న పరాయి దేవుడు. పోయింది ఆ జనాలురా, అమ్మగారు గాదు."

అయ్యగారు వచ్చి, కోపం కూడా రాని అయోమయంతో చెప్పారు. "ప్రజలు దేవుడికి భార్యలాంటివాళ్లు బాబూ. వాళ్లు ఆయన్ని వదిలిపోయారు. అదీ సంగతి. నా భార్య పేరు నేనెందుకెత్తుతాను?"

దిద్దాలి. వెంటనే దిద్దాలి. శకుంతలా తాయి లేచి వెళ్లేలోగా దిద్దాలి. మైకు లాక్కుని ఒక్క గుక్కలో చెప్పేశాను. "క్షమించండి. పారిపోయింది అయ్యగారి భార్య కాదు, దేవుడి భార్య."

ట్యాంకర్ సంగతి అడిగిన ఆయనే నెమ్మదిగా అన్నాడు. "ఏ దేవుడి భార్య?"

అప్పుడు అమ్మగారు వచ్చి నా పక్కన నిలబడ్డారు. మొహం ఎర్రబడి ఉంది. అయినా మైకు దగ్గరికి లాక్కున్నారు. "నేను ఒక్కో మాట చెబుతాను. తెలియకపోతే అడుగు. అడక్కుండా ఒక్క అక్షరం కూడా చెప్పొద్దు," అన్నారు.

"సరే అమ్మగారూ."

"మా అమ్మకు జ్వరమని ఊరెళ్లాను. ఆమె కోలుకుంది, నేను వచ్చాను. ఆయన చెప్పింది నా కథ కాదు. పూర్వం హోషేయ అని ఒక మనిషి. దేవుడి మాట జనానికి చెప్పేవాడు, అతన్నే ప్రవక్త అంటారు. అతని భార్య అతన్ని వదిలిపోయింది. వెళ్లి మళ్లీ తెచ్చుకో అన్నాడు దేవుడు. 'నన్ను వదిలి పరాయి దేవుళ్ల వెంట పోయిన నా జనాన్ని నేనూ అలాగే పిలుస్తున్నాను. నాశనం ముంచుకొస్తోంది, తిరిగి రండి' అని వాళ్లకు తెలియడానికి."

"నాశనం అంటే ఏంది అమ్మగారూ?"

"ఇందాక నువ్వు చేసింది."

అందరికన్నా ముందు అయ్యగారు నవ్వారు, ఆయన వెనక పెద్దమ్మ. అమ్మగారు నవ్వకుండా ఉండాలని చాలా ప్రయత్నించారు. అయితే శకుంతలా తాయికి మాత్రం పూర్తి నమ్మకం కుదరలేదు. ఈనాటికీ అమ్మగారు ఊరెళ్లాలంటే, ఎందుకు వెళుతున్నారో, ఎప్పుడు వస్తారో, ముందు ఆదివారం మైకులో చెప్పించి మరీ వెళతారు. చెప్పేది నర్సు అక్క.

ఆ మధ్యాహ్నం అమ్మ అన్నం పెడుతూ, పోచమ్మ పటం వైపు చూసి, మెల్లగా అడిగింది. "ఆ పోయిన జనంల మనం గూడ ఉన్నమారా?"

ఇంత పొద్దూ మైకులో వాగినవాణ్ణి, ఆ ఒక్క ప్రశ్నకు ఏ భాషలోనూ జవాబివ్వలేకపోయాను. అమ్మ చారు పోసి వెళ్లింది.

సాయంత్రం కిష్టన్న వచ్చాడు.

"అమ్మగారు పోనే లేదంట గద?"

"పోలేదన్నా. తప్పు నాది."

"బంగారం?"

"అది గూడ పోలే."

గడప మీద కూర్చున్నాడు. "నేను మా ఆమెకు ఫోను జేసిన. అంత వోయినా అయ్యగారు తోలుకొస్తనంటుండు, నాది వట్టి మాట మీద పంచాయితీ గదా అనిపిచ్చింది. రేపు బండెక్కుత."

ఇంకో సంసారం కూడా నా తర్జుమా మీదే నిలబడింది. "అబద్ధం ఇని ఫోను జేసినవు గదన్నా," అన్నాను.

"అబద్ధమేరా," అన్నాడు కిష్టన్న. "ఆమె ఫోనెత్తింది గద."

కావున పాఠక మహాశయులారా, పోచమ్మ సాక్షిగా, ప్రవక్తలందరి సాక్షిగా, శకుంతలా తాయి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ఒంట్లో ప్రాణం ఉన్నంతవరకు, అర్థం కాని మాటకు అర్థం చెప్పను. తెలియని మాట ఎదురైతే మైకు కింద పెట్టి, నాకు తెలియదు అంటాను. ఆ ఒక్క మాట మాత్రం నాకు తెలుగులోనూ హిందీలోనూ మరాఠీలోనూ తప్పు లేకుండా వచ్చు.