రబ్బరు తొడుగులోని మనిషి

ఆ పెద్దాయన మాట్లాడేటప్పుడు నోటికన్నా మెడా భుజాలే ఎక్కువ కదులుతాయి. చిన్న విషయానికైనా ఒళ్లంతా వంచి మరీ ఔనంటాడు. వయసులో ఉండగా ఒక టీవీ సీరియల్‌లో రబ్బరు తొడుగు వేసుకుని గ్రహాంతరవాసిగా నటించాడు. తెర మీద ఆయన ముఖం కనబడలేదు, పేరూ పడలేదు. ఇంట్లో మాత్రం అదొక వేళాకోళమైపోయింది. కాలేజీలో పాఠాలు చెప్పే కోడలు ఆ సీరియల్ మీద క్లాసు తీసుకుంటూ రమ్మంటే, తనెవరో పిల్లలకు చెప్పకూడదన్న షరతు మీద వెళ్లి కూర్చున్నాడు.

సీరియల్ మొదలైంది. రబ్బరు తోక చూసి పిల్లలు పగలబడి నవ్వారు. "కథంతా వ్యోమనౌకలోని మనుషుల వైపు నుంచే చెప్పారు. బయటినుంచి వచ్చినదానికి పేరు లేదు, మాట లేదు. ఇలాంటి కథల్లో కొత్తవాడంటే శత్రువే," అన్నాడొక విద్యార్థి. పెద్దాయన తల దించుకున్నాడు.

"కానీ మేడమ్, వాళ్లు తుపాకీ ఎత్తగానే అది వాళ్ల మీద పడలేదు. చేతులు గుండెకు అదుముకుంది చూడండి. శత్రువని కథ అంటోంది గానీ, దానికి భయమేస్తోంది," అందొక అమ్మాయి.

ఆయన ఉండబట్టలేక లేచాడు. "ఆ లోపలున్నది నేనేనమ్మా. వాళ్ల మీద పడమనే డైరెక్టర్ చెప్పాడు. నాకేమో, పాపం, అది బెదిరిపోయుంటుందనిపించింది. ఇన్నేళ్లకి నువ్వు కనిపెట్టావు. చల్లగా ఉండు తల్లీ."

"దానికి ఇంకా ఏమనిపించింది తాతగారూ?" అని అడిగిందా అమ్మాయి.

కోడలు సీరియల్ ఆపేసి, తన కుర్చీ ఆయన ముందుకు జరిపింది. "చెప్పండి మామయ్యా," అంది.