బంతి మొక్కలకు రెండో షిఫ్టు

నలభై బంతి మొక్కలను, మా ఆవిడ దగ్గర పదకొండేళ్లుగా సంపాదించుకున్న పరువును ఒకే ఒక్క హెచ్చవేతతో ఎలా మట్టిపాలు చేశానో చెబుతాను. హెచ్చవేతలో మాత్రం తప్పు లేదు. కావాలంటే మీరూ చేసి చూసుకోండి.

సూర్యాపేటలో మేం ఇల్లు కట్టుకున్నాక వచ్చిన మొదటి వానాకాలం అది. పెరట్లో నలభై ఒక్క నాటు బంతి మొక్కలు పెట్టాం. ఆ సంబరంలో నా భార్య సుజాత వాడకట్టు ఆడవాళ్లందరికీ మాటిచ్చేసింది.

"ఈసారి సద్దుల బతుకమ్మకు బంతిపూలు కొనకుండ్రి. మా ఇంట్లనే తెంపుకుందురు."

పండుగకు ఇంకా ముప్పై ఐదు రోజులుంది. మొక్కలు మోకాలెత్తు కూడా లేవు. నేను కాగితం తీశాను. మొక్క వెలుతురుతో పెరుగుతుంది. పగలు పన్నెండు గంటలు. రాత్రి కూడా వెలుతురిస్తే ఇరవై నాలుగు. అంటే ముప్పై ఐదు రోజుల్లో డెబ్బై రోజుల పెరుగుదల. కోదాడ పోయినప్పుడు పెళ్లి పందిళ్లకు కట్టే ఫోకస్ లైటు ఒకటి తెచ్చి గోడకు బిగించాను.

"పూలచెట్లకు లైటేంది?" అంది సుజాత.

"రెండో షిఫ్టు."

"వాటికి నిద్రుండదా?"

"అవి పంటే మనకు పూలెట్ల?"

నీళ్ల ట్యాంకు వెనకున్న ఒక మొక్కకు మాత్రం లైటు అందలేదు. దాన్ని లెక్కలోంచి కొట్టేశాను. నష్టం రెండున్నర శాతం కూడా లేదు.

రోజూ పొద్దున్నే టేపు పెట్టి కొలిచాను. మిగతా నలభై నడుమెత్తు దాటి, భుజాల దాకా వచ్చాయి. ఆకులు పచ్చగా మెరిసిపోతున్నాయి. మొగ్గలు: సున్న.

పండుగ ఐదు రోజులుందనగా గరిడేపల్లి నుంచి మా మామ వచ్చాడు. ఆయన పుట్టిందీ పెరిగిందీ పొలంలోనే. మొక్కల్ని చూశాడు, తలెత్తి లైటును చూశాడు.

"అల్లుడూ, గీడ ఎవరి పెండ్లి?"

విషయం చెప్పాను.

"రాత్రి పొడుగైతేనే బంతి మొగ్గ తొడుగుతది. నువ్వేమో నెల రోజులసంది పొద్దు గూకనిస్తలేవు. అది ఇంకా ఎండకాలమే అనుకుంటున్నది."

"ఎన్ని గంటల చీకటి కావాలె మామా?"

"గంటలు నాకేం ఎరుక? పొద్దుగూకితే నేను పంటా. దాన్ని గూడ పండనియ్యి."

"ఇప్పుడు తీసేస్తే?"

"దీపావళికి పూస్తది."

సద్దుల నాడు వాడకట్టు ఆడవాళ్లు బుట్టలతో వచ్చారు. భుజమెత్తు ఆకుల ముందు నిలబడ్డారు. సుజాత నేరుగా ట్యాంకు వెనక్కి పోయింది. అక్కడ మోకాలెత్తు మొక్క ఒకటి విరగబూసి ఉంది. నలభై మూడు పూలు, నేనే లెక్కపెట్టాను. తలా నాలుగు పంచుతూ ఆమె అందరికీ వినపడేలా చెప్పింది.

"గిదొక్కటే మా ఆయన లెక్కల లేకుండె. గందుకే పూసింది."

ఆ మిగిలిన మొక్కల సాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను: సూర్యుడి డ్యూటీ వేళల్లో ఇక జోక్యం చేసుకోను. ఈ మధ్య సుజాత గుమ్మడి పాదు పెట్టింది. అటు పోవాల్సి వస్తే టేపు ఇంట్లో పెట్టి, జేబులో పెన్ను ఆమెకిచ్చి మరీ పోతున్నాను.